విత్తు, చేను, బిడ్డ: మేనరికంపైనా పిల్లల ఎదుగుదలపైనా పరిశోధనలు చెబుతున్నదేమిటి?

‘విత్తొకటి వేస్తే చెట్టొకటి మొలుస్తుందా’ అని తెలుగునాట సామెత. పొలం గట్టున నిలబడి అన్నంత కాలం ఈ మాటకు ఎదురులేదు. అదే మాటను ఇంటిలో, ఏడాదిన్నర దాటినా నడవని బిడ్డను, పిలిస్తే పలకని బిడ్డను చూపి అన్నప్పుడు అది శూలమై గుచ్చుకుంటుంది. ఆ శూలం సాధారణంగా కోడలికే తగులుతుంది. ‘మా వంశంలో ఇటువంటిది లేదు’ అని అత్తవారు అంటారు. ఆ కోడలు పరాయిపిల్ల కాదు, సొంత మేనకోడలే అయినా నింద మాత్రం తప్పదు.

ఆలంగాయం, వాణియంబాడి, గుడియాత్తం ప్రాంతాలలోనూ, సరిహద్దుకు ఆవల కుప్పం, పలమనేరు వైపునా మేనరికం తరతరాల ఆచారం. తెలుగు ఇళ్ళలో మేనరికమనీ, తమిళ ఇళ్ళలో ‘సొందం’ అనీ పేరు మారుతుందే తప్ప పద్ధతి ఒక్కటే. ఈ ఆచారానికి కారణాలు లేకపోలేదు. పిల్ల తెలిసిన ఇంటికే వెళుతుంది. భూమి చీలిపోదు. కట్నకానుకల భారం తగ్గుతుంది. కష్టం వచ్చినప్పుడు రెండు కుటుంబాలూ ఒకటై నిలుస్తాయి. అయితే పుట్టబోయే బిడ్డ ఆరోగ్యం మాటేమిటి? వ్యవసాయ శాస్త్రం, జన్యుశాస్త్రం, శిశు వికాస శాస్త్రం వేర్వేరు దారులలో నడుస్తూ ఈ ప్రశ్న దగ్గర కలుసుకున్నాయి. ఆ పరిశోధనలలో కొన్ని ఈ ప్రాంతంలోనే, మరికొన్ని తెలుగు నేలపైనే జరిగాయి.

వేలూరులో జరిగిన లెక్క

1970వ దశకంలో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు (సి.ఎం.సి.) చెందిన పరిశోధకులు పి.ఎస్.ఎస్. సుందరరావు, ఎస్.జి. ఇన్బరాజ్ అప్పటి ఉత్తర ఆర్కాటు జిల్లాలో వేలాది కుటుంబాలను పరిశీలించారు. నేటి వేలూరు, తిరుపత్తూరు జిల్లాలు రెండూ ఆనాడు అందులోని భాగాలే. గ్రామాలలో దాదాపు సగం వివాహాలు, పట్టణంలో మూడింట ఒకవంతుకు కొంచెం తక్కువగా, దగ్గరి బంధువుల మధ్య జరిగినవేనని వారు గుర్తించారు. మేనమామ అక్క కూతురిని చేసుకోవడం, మేనత్త కొడుకుకు మేనమామ కూతురినివ్వడం వాటిలో ప్రధానమైనవి.

1977లోనూ, 1980లోనూ ప్రచురితమైన వారి ఫలితాలు పలువురిని ఆశ్చర్యపరిచాయి. బంధువులను పెళ్ళాడినవారికీ, బయటి సంబంధం చేసుకున్నవారికీ మధ్య గర్భస్రావాలలోగాని, శిశువుల ఎదుగుదలలోగాని చెప్పుకోదగిన పెద్ద తేడా కనబడలేదు. వందల ఏళ్ళుగా ఇటువంటి వివాహాలే జరుగుతూ వచ్చినందువల్ల హానికరమైన జన్యువులు చాలావరకు ఏనాడో తొలగిపోయి ఉండవచ్చునని వారు ఊహించారు.

ఈ మాట వినగానే ‘అయితే మేనరికం వల్ల ఏ బాధా లేదన్నమాట’ అని తీర్మానించుకోవడం తొందరపాటు అవుతుంది. ఎందుకో తెలుసుకోవాలంటే ముందు పొలంలోకి వెళ్ళాలి.

వేరుశనగ ఒక తీరు, మొక్కజొన్న ఒక తీరు

వేరుశనగ పువ్వులో పుప్పొడి అదే పువ్వు అండాన్ని చేరుతుంది. దీనిని స్వపరాగ సంపర్కమంటారు. మరొక మొక్కతో సంపర్కం బహు అరుదు. తిండివనం పరిశోధన కేంద్రం నుంచి 1940లో వెలువడిన టి.ఎం.వి.2 రకాన్ని రైతులు దశాబ్దాల తరబడి సొంత విత్తనంతోనే పండించుకున్నారు. తనలో తాను ఎన్ని తరాలు కలిసినా వేరుశనగ నీరసించదు.

మొక్కజొన్న కథ వేరు. దాని పుప్పొడి గాలిలో ఎగిరి పక్క మొక్క పీచును చేరుతుంది. బలవంతంగా ఒకే మొక్క పుప్పొడిని దానికే అంటించి, ఆ గింజలనే మళ్ళీ మళ్ళీ నాటితే, కొన్ని తరాలకే మొక్క పొట్టిదై, కంకి చిన్నదై, కొన్ని మొలకలు తెల్లగా పుట్టి చనిపోతాయి. అలా నీరసించిన రెండు వేర్వేరు వంశాలను కలిపితే మాత్రం మరుసటి తరం ఏపుగా లేచి నిలుస్తుంది. అమెరికాలో జార్జి షల్ 1908లో ప్రకటించిన ఈ సత్యమే నేటి హైబ్రిడ్ విత్తనాలకు పునాది. హైబ్రిడ్ పంట గింజలను దాచి మరుసటి ఏడు విత్తితే చేను ఎగుడుదిగుడుగా మొలుస్తుందని రైతులందరికీ తెలుసు. మొదటి తరంలో దాగి ఉన్న లక్షణాలు రెండవ తరంలో బయటపడటమే అందుకు కారణం.

రెండు మొక్కలకూ ఈ తేడా ఎక్కడిది? వేరుశనగ వేల ఏళ్ళుగా తనలో తాను కలుస్తూ వచ్చింది. చెడు లక్షణం ఉన్న మొక్కలన్నీ ఆ దారిలో ఎండిపోయాయి. మిగిలినవి గట్టివి. మొక్కజొన్నలో చెడు లక్షణాలు మంచివాటి చాటున దాగి బతుకుతూ వచ్చాయి. దగ్గరి కలయిక జరిగినప్పుడు అవి ఒక్కసారిగా బయటపడతాయి.

వేలూరు పరిశోధకుల ఊహ మనిషిని కొంతవరకు వేరుశనగ వైపు నిలబెడుతుంది. కాని అలా ‘తొలగిపోవడం’ అంటే అర్థమేమిటి? చేనులో ఎండిన మొక్కను రైతు పీకి గట్టున వేస్తాడు. మనుషుల విషయంలో తొలగిపోయినవి పసిబిడ్డల ప్రాణాలు. ఏ తల్లీ తన ఒడిలోని బిడ్డను ఆ లెక్కలో ఒక అంకెగా చూడలేదు. పైగా ఆ శుద్ధి ఎన్నటికీ పూర్తి కాదు; ప్రతి తరంలోనూ కొత్త జన్యు మార్పులు పుడుతూనే ఉంటాయి.

మొక్కల నుంచి మనుషులకు ఈ ప్రశ్నను తెచ్చినవారిలో చార్లెస్ డార్విన్ ముఖ్యుడు. ఆయన 1839లో తన మేనమామ కూతురు ఎమ్మాను వివాహమాడాడు. పదిమంది సంతానంలో ముగ్గురు చిన్నతనంలోనే మరణించారు. మొక్కలలో స్వపరాగ, పరపరాగ సంపర్కాలపై ఏళ్ళ తరబడి ప్రయోగాలు చేసి ఆయన 1876లో గ్రంథం వెలువరించాడు. దానికి ముందే, 1871 జనాభా లెక్కలలో బంధువుల వివాహాల గురించి ఒక ప్రశ్న చేర్చాలని కోరాడు. బ్రిటిష్ పార్లమెంటు అందుకు అంగీకరించలేదు.

దాగి ఉన్న జన్యువు

మన శరీరంలో ప్రతి జన్యువుకూ సాధారణంగా రెండు ప్రతులుంటాయి. ఒకటి తల్లి నుంచి, ఒకటి తండ్రి నుంచి వస్తుంది. కొన్ని జన్యువులలో ఒక ప్రతి చెడిపోయినా రెండవది పని నడిపిస్తుంది. మనిషి సంపూర్ణ ఆరోగ్యంతోనే ఉంటాడు. పాఠ్యపుస్తకాలలో అంతర్గత లక్షణమని చెప్పేది దీనినే. అటువంటి చెడు ప్రతిని మోస్తున్నవారిని వాహకులంటారు. ఈ లోకంలో ఇటువంటి ప్రతి ఒక్కటైనా లేని మనిషి దాదాపు ఉండడు. ‘మా వంశం శుద్ధం’ అన్న మాట శాస్త్రం ముందు నిలవదు.

తల్లీ తండ్రీ ఇద్దరూ ఒకే లోపానికి వాహకులైతే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక అవకాశం మేర బిడ్డకు రెండు చెడు ప్రతులూ చేరి జబ్బు బయటపడుతుంది. మొదటి బిడ్డకు వచ్చింది కనుక తర్వాతి ముగ్గురికి రాదని అనుకోరాదు. ప్రతి కాన్పుకూ అదే లెక్క మళ్ళీ మొదలవుతుంది. పుట్టుచెవుడులో కొన్ని రకాలు, తలసీమియా, శరీరంలో కొన్ని ఆహార పదార్థాలు సరిగా మారని జబ్బులు ఈ కోవలోనివి.

ఇక మేనరికం లెక్క చూద్దాం. ఒకానొక లోపానికి నూటికి ఒకరు వాహకులనుకుందాం. బంధుత్వం లేని ఇద్దరు పెళ్ళాడితే, ఇద్దరూ వాహకులయ్యే అవకాశం పదివేలలో ఒకటి. బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నలభైవేలలో ఒకటి. మేనబావ, మేనమరదలు పెళ్ళాడితే వారికి ఒక జత తాత అవ్వలు ఉమ్మడిగా ఉంటారు. ఆ తాతలోనో అవ్వలోనో దాగిన ప్రతి రెండు శాఖలలోకీ దిగి ఉండవచ్చు. బావ వాహకుడైతే మరదలు కూడా అదే ప్రతిని మోసే అవకాశం ఎనిమిదింట ఒకటి. అప్పుడు బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం సుమారు 3,200లో ఒకటి. మేనమామ అక్క కూతురిని చేసుకుంటే బంధుత్వం ఇంకా దగ్గర; ఆ అవకాశం సుమారు 1,600లో ఒకటి అవుతుంది.

ఒక్క జబ్బుకే చూస్తే ఇవి చిన్న అంకెలే. అయితే ఇటువంటి జబ్బులు వందల కొద్దీ ఉన్నాయి. అన్నీ కలిస్తే ఎంత? ఇంగ్లండులోని బ్రాడ్‌ఫర్డ్ నగరంలో 2007 నుంచి 2010 వరకు పుట్టిన శిశువులలో 11,300 మందిని పరిశీలించి 2013లో ప్రకటించిన ఫలితాలు ఇందుకు మేలైన సమాధానం. అక్కడి పాకిస్తానీ సంతతి కుటుంబాలలో పెత్తండ్రి, పినతండ్రి, మేనమామ వంటివారి పిల్లల మధ్య పెళ్ళిళ్ళు ఎక్కువ. పుట్టుకతో వచ్చే లోపాలు సాధారణంగా నూటికి 3 కాగా, అటువంటి జంటల పిల్లలలో నూటికి 6గా తేలాయి. పేదరికాన్ని లెక్కలోకి తీసుకున్నా ఈ తేడా పోలేదు. ఈ అంకెను రెండు వైపుల నుంచీ చదవాలి. ప్రమాదం రెట్టింపయింది, అది నిజం. నూటికి 94 మంది బిడ్డలు ఇటువంటి లోపం లేకుండానే పుట్టారు; అదీ నిజమే.

మరి వేలూరులో 1970లలో తేడా ఎందుకు కనబడలేదు? అందుకు మరొక కారణాన్ని కూడా పరిశోధకులు చూపుతారు. 1971లో దేశంలో పుట్టిన ప్రతి వెయ్యిమంది శిశువులలో సుమారు 129 మంది ఏడాది నిండకుండానే మరణించేవారు. విరేచనాలు, న్యుమోనియా, ధనుర్వాతం వంటివి పిల్లలను తుడిచిపెడుతున్న కాలంలో, జన్యులోపంతో పోయిన కొద్దిమంది ఆ వరదలో కలిసిపోయేవారు. 2020 నాటికి దేశంలో ఆ సంఖ్య 28కి, తమిళనాడులో 13కి దిగింది. వరద తగ్గినప్పుడే కదా చెరువు అడుగున రాళ్ళు కనబడేది! టీకాలు, శుభ్రమైన కాన్పులు ప్రాణాలు నిలుపుతున్న నేటి కాలంలో వంశపారంపర్య జబ్బుల వంతు స్పష్టంగా కనబడుతోంది.

గోత్రం వేరైతే చాలునా?

‘గోత్రాలు వేరు కనుక రక్తమూ వేరే’ అన్న నమ్మకం ఊళ్ళలో బలంగా ఉంది. గోత్రం తండ్రి నుంచి మాత్రమే సంక్రమిస్తుంది. జన్యువులు తల్లి నుంచి సగం, తండ్రి నుంచి సగం వస్తాయి. అన్నదమ్ముల పిల్లలు అన్నాచెల్లెళ్ళ వరుస కనుక పెళ్ళి కూడదంటాము. అన్నాచెల్లెళ్ళ పిల్లలు బావామరదళ్ళ వరుస కనుక చేయవచ్చునంటాము. ఆచారం దృష్టిలో ఈ రెండింటికీ భూమ్యాకాశాల అంతరం ఉన్నా, జన్యువుల దృష్టిలో రెండూ సమాన దూరమే.

దీనికి మరొక వైపు కూడా ఉంది. బంధుత్వం లేని సంబంధమైనా ఒకే చిన్న కులంలో తరతరాలుగా పెళ్ళిళ్ళు జరిగితే అందరికీ మూలపురుషులు కొద్దిమందే అవుతారు. హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సి.సి.ఎం.బి.) శాస్త్రవేత్త కుమారసామి తంగరాజ్, అమెరికా పరిశోధకులతో కలిసి 2017లో ప్రకటించిన అధ్యయనంలో దక్షిణాసియాకు చెందిన 260కి పైగా సముదాయాలను పరిశీలించారు. వాటిలో 81 సముదాయాలలో ఈ లక్షణం బలంగా కనబడింది. జనాభా లక్షలలో ఉన్న కులాలు కూడా అందులో ఉన్నాయి. ఉదాహరణకు ఆర్యవైశ్య సముదాయంలో కొందరికి రక్తంలో ఒక ఎంజైము లోపిస్తుంది. నిత్యజీవితంలో దానివల్ల ఏ ఇబ్బందీ ఉండదు. శస్త్రచికిత్స సమయంలో కండరాలను సడలించడానికిచ్చే ఒక మందు మాత్రం వారి శరీరంలో ఎక్కువసేపు నిలిచిపోతుంది. ఆ సంగతి మత్తు వైద్యునికి ముందే తెలిస్తే అపాయం తప్పుతుంది. ఇది ఏ కులానికీ మచ్చ కాదు. అన్ని కులాలకూ తమ తమ దాగిన జన్యువులున్నాయి. కొన్నింటివి ముందుగా బయటపడ్డాయి, అంతే.

విత్తు ఒక్కటే కాదు, చేను కూడా

ఎంత మేలైన విత్తనమైనా చవుడు నేలలో వేస్తే ఏమి పండుతుంది? బిడ్డ ఎదుగుదలలోనూ అంతే. నడక ఆలస్యమైన ప్రతి బిడ్డకూ, చదువు అబ్బని ప్రతి బిడ్డకూ జన్యువులే కారణమనుకోవడం పెద్ద పొరపాటు.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు నూరేళ్ళకు మించిన చరిత్ర ఉంది. 1918లో కూనూరులో చిన్న పరిశోధన విభాగంగా మొదలై, 1958లో హైదరాబాదుకు తరలింది. ఆ సంస్థ 1987 నుంచి 1990 వరకు హైదరాబాదు చెంతనున్న 29 గ్రామాలలో ఒక అధ్యయనం నడిపింది. 15 గ్రామాలలో గర్భిణులకూ, ఆరేళ్ళలోపు పిల్లలకూ అంగన్‌వాడీ ద్వారా మొక్కజొన్న, సోయా పిండితో చేసిన ఉప్మా అందింది. మిగిలిన 14 గ్రామాలకు ఆ పథకం అప్పటికింకా చేరలేదు. పదిహేనేళ్ళ తర్వాత పరిశోధకులు మళ్ళీ అవే ఊళ్ళకు వెళ్ళి, 13 నుంచి 18 ఏళ్ళ వయసుకు వచ్చిన 1,165 మంది పిల్లలను పరీక్షించారు. ఆహారం అందిన గ్రామాల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తు పెరిగారు. వారి శరీరం ఇన్సులిన్‌ను మెరుగుగా వినియోగించుకుంటోంది. అంటే మున్ముందు చక్కెరవ్యాధి, గుండెజబ్బుల ముప్పు తగ్గే సూచనలు కనబడ్డాయి. 2008లో ఈ ఫలితాలు వెలువడ్డాయి. రెండు వైపుల గ్రామాల వారూ ఒకే ప్రాంతపు ప్రజలు. తేడా తెచ్చినది పసితనంలో కడుపులో పడిన ఆహారం.

వేలూరులో సి.ఎం.సి. పాల్గొన్న మరొక పరిశోధనలో ఎనిమిది దేశాల శిశువులను పుట్టిననాటి నుంచీ పరిశీలించారు. విరేచనాలు పైకి కనబడకపోయినా, కలుషితమైన నీటి ద్వారా, చేతుల ద్వారా పేగులలో చేరిన క్రిములు బిడ్డ పొడవు పెరుగుదలను కుంటుపరుస్తున్నాయని అందులో తేలింది. బిడ్డ తింటున్నాడు, అయినా పెరగడం లేదు అని తల్లి బాధపడుతున్నప్పుడు, లోపం వంశంలోనే ఉందనుకునే ముందు నీటి కుండనూ, చేతుల శుభ్రతనూ చూడాలి.

పుట్టుకతో వచ్చే లోపాలన్నీ కూడా వంశపారంపర్యమైనవి కావు. వెన్నెముక సరిగా మూసుకోకుండా పుట్టే బిడ్డలనే తీసుకుందాం. గర్భం ధరించిన సుమారు 28 రోజులకే వెన్ను మూసుకోవాలి. ఆ సమయానికి చాలామంది స్త్రీలకు తాము గర్భవతులమని తెలియనే తెలియదు. ఫోలిక్ ఆమ్లం లోపిస్తే ఈ ప్రమాదం పెరుగుతుంది. ఒకసారి అటువంటి బిడ్డను కన్న తల్లులకు గర్భానికి ముందు నుంచే ఫోలిక్ ఆమ్లం ఇస్తే, మళ్ళీ అదే లోపం వచ్చే ప్రమాదం 72 శాతం తగ్గుతుందని 1991లో బ్రిటిష్ వైద్య పరిశోధన మండలి నిరూపించింది. ఈ ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో ప్రయోగశాలలో తయారుచేసిన అమెరికాలోని లెడర్లీ సంస్థ బృందానికి సారథి, భీమవరంలో 1895లో పుట్టిన తెలుగువాడు యల్లాప్రగడ సుబ్బారావు. ఒక చిన్న పసుపురంగు మాత్ర చేయగలిగిన పనికి ఎన్ని ఇళ్ళలో కోడళ్ళు ఎన్ని నిందలు మోశారో ఆలోచించవలసిన విషయం.

మూడు శాస్త్రాలు ఒక రొట్టెలో

విత్తూ చేనూ బిడ్డా ఒకచోట కలిసిన చక్కని నిదర్శనం సజ్జ. మెదక్ ప్రాంతంలోని పటాన్‌చెరులో 1972లో నెలకొన్న అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ (ఇక్రిశాట్) శాస్త్రవేత్తలు సజ్జ రకాలలో ఇనుము ఎక్కువగా ఉన్న మొక్కలను ఏరి ‘ధనశక్తి’ అనే రకాన్ని రూపొందించారు. ఇది హైబ్రిడ్ కాదు. రైతు సొంత విత్తనం దాచుకోవచ్చు. 2014లో దీనిని దేశమంతటికీ విడుదల చేశారు.

ఆ సజ్జలతో మహారాష్ట్రలో 12 నుంచి 16 ఏళ్ళ విద్యార్థులపై పరీక్ష జరిగింది. కొందరికి ఇనుము ఎక్కువున్న సజ్జ రొట్టెలు, కొందరికి మామూలు సజ్జ రొట్టెలు పెట్టారు. మొదటివారి శరీరంలో ఇనుము నిల్వలు మెరుగుపడ్డాయని 2015లోనూ, వారి ఏకాగ్రత, జ్ఞాపకశక్తి కూడా మెరుగుపడ్డాయని 2018లోనూ ఫలితాలు వచ్చాయి. మొక్క జన్యువులో దాగిన ఒక గుణాన్ని రైతు చేనులో పండిస్తే, అది తరగతి గదిలో కూర్చున్న బిడ్డ దృష్టిని నిలబెట్టింది. ‘వీడికి చదువు రాదు, తలరాత’ అని తేల్చేముందు ఆ బిడ్డ రక్తంలో ఇనుము ఎంత ఉందో చూడాలన్నది ఇందులోని పాఠం. జవ్వాది కొండలలో పండే సామలు, ఊళ్ళలో పండే రాగులు, వేరుశనగ, మునగాకు ఇంటి వంటలో తిరిగి చోటు చేసుకోవాలని పోషకాహార నిపుణులు చెప్పడంలోనూ ఆంతర్యం ఇదే.

కుటుంబాలు చేయదగినవి

మొదటిది, పెళ్ళికి ముందు మాట. మేనరికం అనుకుంటున్న ఇంటిలో రెండు వైపులా పుట్టుచెవుడు, బుద్ధిమాంద్యం, కారణం తెలియని శిశు మరణాలు, పదేపదే గర్భస్రావాలు ఉన్నాయా అని పెద్దలు దాచకుండా చెప్పుకోవాలి. ఉన్నట్లయితే నిశ్చితార్థానికి ముందే జన్యు వైద్యులను సంప్రదించాలి. వేలూరు సి.ఎం.సి.లో ఇందుకు ప్రత్యేక విభాగం ఉంది. ఈ మేరకు ఆలోచించి సంబంధం మానుకుంటే అది అవమానం కాదు. మేనమామ, అక్క కూతుళ్ళ వివాహంలో ముప్పు ఎక్కువ కనుక అక్కడ మరింత జాగ్రత్త అవసరం.

రెండవది, ఇప్పటికే మేనరికం చేసుకున్నవారు భయపడనక్కరలేదు. ఎక్కువ మంది పిల్లలు ఆరోగ్యంగానే పుడతారు. గర్భం కోరుకున్ననాటి నుంచే వైద్యుల సలహాపై ఫోలిక్ ఆమ్లం మొదలుపెట్టాలి. తాము బంధువులమని మొదటి పరీక్షలోనే చెప్పాలి. ఇంతకుముందు ఒక బిడ్డకు జబ్బు ఉండి, ఏ జన్యువులో లోపమో తెలిసి ఉంటే, తర్వాతి కాన్పులో ముందుగానే పరీక్షించే వీలుంది. అందుకే జబ్బు చేసిన బిడ్డ వైద్య కాగితాలను భద్రపరచాలి.

మూడవది, పుట్టిన బిడ్డకు వినికిడి పరీక్ష, మడమ నుంచి తీసే రక్తపు చుక్కతో థైరాయిడ్ పరీక్ష చేయించాలి. థైరాయిడ్ లోపాన్ని మొదటి వారాలలోనే గుర్తించి మందు మొదలుపెడితే బుద్ధిమాంద్యం రాకుండా ఆపవచ్చు. చెవుడును మొదటి నెలలలోనే గుర్తిస్తే మాట నేర్పే వీలుంటుంది. బిడ్డకు నాలుగు నెలలకు మెడ నిలవకపోయినా, తొమ్మిది నెలలకు కూర్చోలేకపోయినా, ఏడాదిన్నరకు నడవకపోయినా, పిలిస్తే తిరిగి చూడకపోయినా ‘వాళ్ళ నాన్న కూడా ఆలస్యంగానే నడిచాడు’ అని ఊరుకోరాదు. 2013లో మొదలైన జాతీయ బాలల ఆరోగ్య పథకం కింద పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ళ వరకు పుట్టుక లోపాలు, జబ్బులు, పోషక లోపాలు, ఎదుగుదల ఆలస్యాలు ఉచితంగా పరీక్షిస్తారు. అంగన్‌వాడీలకూ, ప్రభుత్వ పాఠశాలలకూ వచ్చే వైద్య బృందాలు ఆ పథకానివే. వారు వచ్చిన రోజున బిడ్డను ఇంట్లో ఉంచుకోరాదు.

నాలుగవది, నింద మానడం. అంతర్గత జన్యు లోపం బయటపడిందంటే తల్లి నుంచి ఒక ప్రతి, తండ్రి నుంచి ఒక ప్రతి చేరినట్లే. అందులో కోడలి వంతు ఎంతో కొడుకు వంతు కూడా అంతే. మేనరికంలోనైతే ఆ రెండు ప్రతులూ తరచు ఒకే తాత నుంచో ఒకే అవ్వ నుంచో దిగివచ్చినవి. ‘మీ వంశం, మా వంశం’ అని వేలెత్తి చూపుకోవడానికి అక్కడ రెండు వంశాలే లేవు.

విత్తును ఎంచుకునే వీలు కొంతవరకే ఉంటుంది. పెళ్ళి నిశ్చయమయ్యే వేళ ఒకసారి ఆలోచించవచ్చు. ఆ తర్వాత అది మన చేతిలో లేదు. చేను మాత్రం ప్రతిరోజూ మన చేతిలోనే ఉంటుంది. గర్భిణి కంచంలో ఏముంది, బిడ్డ తాగే నీరు ఎటువంటిది, పలకని బిడ్డను ఎన్ని నెలలకు వైద్యుని వద్దకు తీసుకువెళ్ళారు అన్నవి ఏ ఇంటివారైనా ఈ రోజే చూసుకోగల విషయాలు. పైరు ఎర్రబారితే రైతు విత్తనాన్ని తిడుతూ గట్టున కూర్చోడు. చేనులోకి దిగి నీరు చూస్తాడు, ఎరువు చూస్తాడు, తెగులు చూస్తాడు. బిడ్డ విషయంలోనూ పెద్దలు చేయవలసినది అదే.